పంటి బిగువున...

చెవి దగ్గర మొదలైన నొప్పి నోరు తెరవనివ్వలేదు, ముద్ద మింగనివ్వలేదు. నల్లజర్ల ప్రాంతంలో ఓ రైతు ఇల్లాలి దవడ కీలు కథ ఇది. మందుబిళ్లలకన్నా వెచ్చటి తువాలు, చిన్నపాటి కసరత్తులు, అర డజను బొట్టుబిళ్లలు ఎక్కువ పనిచేసిన కథ.

“అమ్మమ్మా, నీ చెవి దగ్గర టక్‌టక్‌మంటోంది!”

ఒళ్లో కూర్చున్న నాలుగేళ్ల మనవరాలు ఆ మాట అనగానే ఇంట్లో అందరూ గొల్లున నవ్వారు. 2023 సంక్రాంతి, కనుమ నాటి మధ్యాహ్నం. నల్లజర్లకు దగ్గర్లోని ఓ పల్లె. అరుగు మీద చెరకు గడలు, చాటలో తేగలు. కూతురూ అల్లుడూ వచ్చిన సందడి. చెరకు ముక్క నములుతూ ఆమె కూడా నవ్వబోయింది. నోరు సగం తెరుచుకుని అక్కడే ఆగిపోయింది.

ఎడమ చెవి ముందు ఎవరో గడియ వేసినట్టయింది. ఇంకాస్త తెరుద్దామంటే రాదు, మూద్దామంటే నొప్పి. కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లింది. గడ్డం చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదిపితే, రెండు నిమిషాలకు ‘టక్’మని వదిలింది. ‘అమ్మయ్య’ అనుకుంది. పండగ పూట అందర్నీ కంగారు పెట్టడం ఎందుకని ఎవరికీ చెప్పలేదు. నోటి దాకా వచ్చిన మాటను అలా లోపలే ఆపేసుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

అప్పటికి ఆమె వయసు 46. పాడి గేదెలు రెండు, డ్వాక్రా గ్రూపు లెక్కలు, చేలో కూలీలకు అన్నాలు... ఇదీ దినచర్య. ‘ఆవిడకు నోట్లో నాలుక లేదు’ అని ఊళ్లో అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఖరీదెంతో తర్వాత ఆరు నెలల్లో తెలిసింది.

చెవి కాదు... పన్నూ కాదు

పండగ వెళ్లింది. పొగాకు పని ముంచుకొచ్చింది. దేవరపల్లి వైపు మెట్టభూముల్లో కొంత కౌలుకు తీసుకుని ఆమె భర్త వర్జీనియా పొగాకు వేస్తాడు. కోసిన ఆకును బ్యారన్‌లో పెట్టి క్యూరింగ్ చేసే రోజుల్లో ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర ఉండదు. అర్ధరాత్రి లేచి పొయ్యి చూడాలి, తెల్లారేసరికి కూలీలకు వండాలి. అలాంటి ఓ తెల్లవారుజామున లేచేసరికి ఆమె ఎడమ దవడ రాయిలా బిగుసుకుని ఉంది. చెవిలో పోటు, కణత దగ్గర సలుపు. పళ్లు తోముకుందామంటే బ్రష్షు లోపలికి వెళ్లడమే కష్టమైంది.

చెవిపోటే అనుకుంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు వేసుకుంది. తగ్గలేదు. తాడేపల్లిగూడెం బస్సెక్కి చెవి డాక్టరుకు చూపించుకుంది. ‘చెవి శుభ్రంగా ఉందమ్మా’ అన్నాడాయన. అయితే పన్నే అయి ఉంటుందని మరో పట్టణంలో ఓ క్లినిక్కుకు వెళ్లింది. పుచ్చిన ఆనవాళ్లేమీ లేకపోయినా వెనక దవడపన్ను మీదే అనుమానమన్నారు. తీసేశారు. వారం పాటు ఆ పుండు నొప్పి. అది మానాక చూస్తే పాత నొప్పి ఎక్కడిదక్కడే ఉంది. పన్ను మాత్రం లేదు!

ఇక ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. పక్షవాతం మొదట్లో ఇలాగే ఉంటుందని ఒకరు, దిష్టి అని ఇంకొకరు. ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టమని పెద్దావిడ ఒకరు చెబితే, ఆ రాత్రే పెట్టుకుంది. కాసేపు హాయిగా అనిపించింది. ఆ హాయి కోసం మరుసటి రోజు మూట ఇంకా వేడిగా పెట్టింది. చెంప కమిలి నల్లటి మచ్చ పడింది.

జూన్ వచ్చేసరికి నోట్లోకి రెండు వేళ్లు కూడా పట్టని పరిస్థితి. ముద్ద చిన్నదైంది. మజ్జిగలో పిసికిన అన్నం, పప్పుకట్టు, ముల్లు తీసిన కొల్లేరు చేప... అంతే. ఆవకాయ ముక్క వైపు చూడటం మానేసింది. పెళ్లిళ్లకు వెళ్లడమూ మానేసింది. పంక్తిలో కూర్చుని నోరు తెరవలేక లడ్డూను పొడి చేసుకుని తింటుంటే పక్కవాళ్లు చూసే చూపు ఆమెకు నచ్చలేదు. అయిదు నెలల్లో బరువు తగ్గింది, మాట తగ్గింది. ‘అమ్మమ్మ నాతో మాట్లాట్లేదు’ అని మనవరాలు ఫోన్లో ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదుతోనే కూతురు కదిలి వచ్చి, తల్లిని ఏలూరు దగ్గరున్న ఓ దంతవైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లింది. 2022లో జిల్లాలు మారి నల్లజర్ల తూర్పుగోదావరిలోకి వెళ్లింది గానీ, ఆసుపత్రి అంటే ఇక్కడివాళ్ల అడుగులు ఇప్పటికీ తాడేపల్లిగూడెం, ఏలూరు వైపే పడతాయి.

‘ఇప్పుడు మీ పళ్లు ఆనుకుని ఉన్నాయా?’

అక్కడి డాక్టరు ముందుగా నోట్లోకి చూడలేదు. రెండు చెవుల ముందూ వేళ్లు పెట్టి నోరు మెల్లగా తెరవమంది. చెంపల మీద, కణతల దగ్గర, మెడ మీద నొక్కుతూ ఎక్కడ నొప్పో అడిగింది. చిన్న స్కేలుతో పైపళ్లకూ కిందిపళ్లకూ మధ్య ఎడం కొలిచింది. 24 మిల్లీమీటర్లు. మామూలుగా పెద్దవాళ్లకు దాదాపు 40 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. స్కేలు లేకపోతే, ఎవరి మూడు వేళ్లు వాళ్ల నోట్లో నిలువుగా పట్టాలన్నది తేలిక లెక్క.

మీరూ ఓసారి చూసుకోండి. చూపుడువేళ్లు రెండింటినీ చెవుల ముందు ఆనించి నోరు తెరిచి మూయండి. వేళ్ల కింద కదులుతుందే... అదే దవడ కీలు. వైద్యులు టెంపరోమాండిబ్యులార్ జాయింట్ అంటారు, పొట్టిగా టీఎంజే. మోకాలిలా ఊరికే మడత పడే కీలు కాదిది. నోరు తెరిచేటప్పుడు మొదట తలుపు బందులా తిరుగుతుంది, తర్వాత సొరుగులా ముందుకు జారుతుంది. తినడానికి, మాట్లాడటానికి, ఆవలించడానికి, గుటక వేయడానికి... అన్నిటికీ ఇదే. పైగా కుడి ఎడమ కీళ్లు రెండూ జోడెద్దుల్లా కలిసి నడవాలి. ఒకటి మొరాయిస్తే రెండోదాని మీద భారం పడుతుంది.

ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తటి బిళ్ల ఒకటుంటుంది. అది కాస్త ముందుకు తప్పుకుంటే, నోరు తెరిచినప్పుడు ఎముక దాన్ని దాటే క్షణంలో ‘టక్’మంటుంది. మనవరాలు విన్న చప్పుడు అదే. నొప్పి, పట్టేయడం లేకుండా ఉత్త చప్పుడే ఉంటే వైద్యం అక్కర్లేదు. చాలామందికి ఉంటుంది, చాలామందికి తెలియదు కూడా. చిక్కల్లా చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకున్నప్పుడే. చెంపలో ఉండే నమిలే కండరం, కణత మీద విసనకర్రలా పరుచుకున్న కండరం అలిసిపోయి గట్టిపడితే నొప్పి చెవిలోకి, తలలోకి, పళ్లలోకి పాకుతుంది. చెవి నొప్పిగా, పంటి నొప్పిగా పొరబడటం అందుకే. 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన చెవి-ముక్కు-గొంతు వైద్యుడు జేమ్స్ కాస్టెన్ ఈ లక్షణాలన్నిటినీ ఒకచోట చేర్చి రాసినప్పటి నుంచి దీని మీద వైద్యుల దృష్టి పెరిగింది. పళ్ల వరస తేడా వల్లే ఇదంతా వస్తుందన్న ఆయన వాదన మాత్రం తర్వాత నిలవలేదు. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువగా కనిపిస్తుందన్నది అందరూ ఒప్పుకున్న సంగతి.

కొలతలయ్యాక డాక్టరు ఒక చిత్రమైన ప్రశ్న వేసింది.

“అమ్మా, ఇప్పుడు... ఈ క్షణంలో... మీ పైపళ్లూ కిందిపళ్లూ ఆనుకుని ఉన్నాయా?”

ఆమె చూసుకుంది. ఉన్నాయి. ఆనుకుని కాదు, బిగుసుకుని ఉన్నాయి.

పెదాలు కలిసి ఉన్నా పళ్లు విడివిడిగా ఉండాలట. దంతవైద్యుల లెక్క ప్రకారం, తిండీ గుటకలూ కలుపుకొన్నా పైపళ్లూ కిందిపళ్లూ తాకేది రోజంతటిలో ఇరవై నిమిషాలకు మించదు. మిగతా సమయమంతా ఆ కండరాలకు సెలవే. “మీ కండరాలకు సెలవు లేదమ్మా. నిద్రలో కూడా పని చేస్తున్నాయి. ఇంట్లో ఏమైనా దిగులుందా?” అని అడిగింది డాక్టరు. ఆమె కూతురి వైపు చూసి, “అబ్బే, ఏం లేదండీ” అంది. చెప్పేటప్పుడు పళ్లు మళ్లీ కరుచుకున్నాయి.

వేడి కాదు, వెచ్చదనం

మెత్తటి తిండి, కొద్దిరోజులకు నొప్పి మాత్రలు, ఫిజియోథెరపీ... ఇదీ చీటీలో రాసింది. తాడేపల్లిగూడెంలో ఓ ఫిజియోథెరపిస్టు దగ్గరికి వారానికి రెండుసార్లు వెళ్లాలి. వెంకట్రామన్నగూడెం మీదుగా బస్సు. ఆ అమ్మాయి వయసు పాతికేళ్లు దాటి ఉండదు. చెంప మీద మచ్చ చూడగానే, “ఉప్పు మూటా అమ్మా?” అని నవ్వింది.

కాపడం అన్న ఆలోచన తప్పు కాదు. చాలా పాతది, చాలా సరైనది. దవడ తప్పిన మనిషికి దాన్ని ఎలా సరిచేయాలో సుమారు 3600 ఏళ్ల కిందటి ఈజిప్టు వైద్య గ్రంథం చెప్పింది. ఎడ్విన్ స్మిత్ పాపిరస్ అని పిలిచే ఆ ప్రతిలో అది ఇరవై అయిదో కేసు. బొటనవేళ్లు నోట్లోకి పెట్టి దవడను స్వస్థానానికి తెచ్చే ఆ పద్ధతి ఇప్పటి అత్యవసర విభాగాల్లో చేసేదానికి పెద్ద దూరం కాదు. మన సుశ్రుతుడైతే దవడ కీలు తొలగినప్పుడు కాపడం పెట్టి, ఎముకను సర్ది, అయిదు కొంగుల కట్టు కట్టమన్నాడు. దవడ పట్టేయడాన్ని ఆయుర్వేదం హనుగ్రహం, హనుస్తంభం అంటూ వాత వ్యాధుల్లో చేర్చింది. మన పల్లెల్లో వావిలాకు, ఆముదం ఆకు వెచ్చచేసి కట్టడం కూడా ఆ దారిలోదే.

వెచ్చదనం తగిలితే రక్తనాళాలు విప్పారతాయి. బిగుసుకున్న కండరానికి రక్తం బాగా అందుతుంది, పట్టు సడలుతుంది, నొప్పి కబురు మెదడుకు చేరడం మందగిస్తుంది. తువాలు వేడి కీలు లోపలి దాకా పెద్దగా వెళ్లదు. వెళ్లాల్సిన పనీ లేదు, నొప్పిలో ఎక్కువ భాగం పైనున్న కండరాలదే. “అయితే అమ్మా, మనకు కావల్సింది వేడి కాదు, వెచ్చదనం” అంది ఆ అమ్మాయి. వేయించిన ఉప్పు ఎంత కాలుతోందో చేతికి తెలిసేలోపే చెంప కమిలిపోతుంది. గోరువెచ్చ కన్నా కాస్త ఎక్కువ వేడి నీళ్లలో చిన్న తువాలు ముంచి, గట్టిగా పిండి, ముంజేతి లోపలివైపు ఆనించి చూసుకోవాలి. చురుక్కుమనకూడదు. అప్పుడు చెవి ముందు నుంచి దవడ అంచు దాకా పరవాలి. చల్లారగానే మళ్లీ ముంచాలి. అలా పదిహేను, ఇరవై నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. పొడి వేడి కన్నా తడి వేడి చాలామందికి హాయిగా ఉంటుంది. పెట్టుకున్నంతసేపూ పళ్లు విడిగా, నాలుక అంగిట్లో మెత్తగా ఆని ఉండాలి.

ఆ రాత్రి ఇంట్లో ఆమె ఈ తతంగమంతా చెబుతుంటే భర్త మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు.

“మన బ్యారన్ లెక్కే కదే ఇది” అన్నాడు.

పాతికేళ్లుగా ఆయన చేసే పని అదే. పచ్చి ఆకు లోపల పెట్టాక మొదట 35 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతారు. ఆకు నెమ్మదిగా పసుపు తిరగాలి. ఆ తర్వాతే అంచెలంచెలుగా వేడి పెంచి రెమ్మ ఎండబెడతారు, ఆఖరికి ఈనె ఎండేందుకు 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. అంతా అయ్యేసరికి అయిదారు రోజులు. “మొదటి రోజే మంట ఎగదోశామనుకో, ఆకు పచ్చిగానే ఉడికిపోద్ది. ఎన్ని కట్టెలేసినా ఇంక రంగు రాదు. నువ్వు చెంపకు చేసింది అదే” అన్నాడు. మరుసటి రోజు నుంచి తువాలు పని ఆయనదైంది. పొయ్యి దగ్గర కూర్చుని నీళ్లు వేలితో చూసి, తువాలు పిండి, దులిపి, చెంప మీద పరిచేవాడు. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె పడుకుని ఉండగా ఆయన ఆమెకు ఓ పని చేసిపెట్టడం అదే మొదలు. మొదటి రెండు రోజులు సిగ్గుతో ఆమె కళ్లు తెరవలేదు.

కాపడం అన్నిటికీ కాదు

దవడ నొప్పి అనగానే తువాలు తడిపేయడం ప్రమాదం. పంటి మూలాన చీము పట్టి చెంప వాచి, జ్వరం ఉంటే కాపడం పెట్టకూడదు. పన్ను సంగతి ముందు చూపించుకోవాలి. దెబ్బ తగిలిన మొదటి రెండు రోజులు వేడి కాదు, గుడ్డలో చుట్టిన ఐసుముక్కలు పది నిమిషాలు పెట్టాలి. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారు వేడి చూసుకునేందుకు ఇంకొకరి చేతి సాయం తీసుకోవాలి. దవడ నొప్పితో పాటు గుండెల్లో బరువు, చెమటలు, ఆయాసం, చెయ్యి లాగడం ఉంటే అది గుండె కబురు కావచ్చు. అప్పుడు కాపడాలతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. గాయమైన తర్వాతి రోజుల్లో దవడ బిగుసుకుంటుంటే ధనుర్వాతం కావచ్చు, అదీ అత్యవసరమే. గుట్కా, వక్కపొడి ఏళ్ల తరబడి నమిలేవారికి నోరు కొద్దికొద్దిగా మూసుకుపోతుంటే అది కీలు జబ్బు కాదు. చెంపల లోపలి పొర గట్టిపడే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. క్యాన్సర్‌కు దారితీసే అవకాశం ఉన్న జబ్బు.

ఎవరికి చూపించాలన్నది చాలామందికి తెలియదు. దంతవైద్య కళాశాలల్లో ఓరల్ మెడిసిన్ విభాగం ఉంటుంది. ఏలూరు దగ్గర దుగ్గిరాలలోని సెయింట్ జోసెఫ్, భీమవరంలోని విష్ణు, రాజానగరంలోని జీఎస్ఎల్... ఈ చుట్టుపక్కల కళాశాలలే మూడున్నాయి. పన్ను పీకించుకునే ముందు అక్కడొకసారి అడిగితే నష్టం లేదు.

ఆరు సార్లు... ఆరు పూటలు

కాపడంతో కండరం మెత్తబడ్డాక అసలు పని మొదలవుతుంది. నాలుక కొనను పైపళ్ల వెనక అంగిట్లో ఆనించి, అది జారకుండా ఎంత వరకు తెరవగలిగితే అంత వరకే నోరు తెరవాలి. అద్దం ముందు కూర్చుని దవడ పక్కకు పోకుండా తిన్నగా దిగుతోందో లేదో చూసుకోవాలి. గడ్డం కింద వేలు ఆనించి చాలా తేలిగ్గా ఎదురొత్తుతూ తెరవాలి. మెడ నిటారుగా పెట్టి గడ్డాన్ని వెనక్కి లాగాలి. ఇలాంటివి ఆరు కసరత్తులు. ఒక్కోటి ఆరేసిసార్లు, రోజుకు ఆరు పూటలు. చిలీ దేశపు ఫిజియోథెరపిస్టు మరియానో రొకబాడో పేరుతో ప్రపంచమంతా వాడుకలో ఉన్న పద్ధతి ఇది. మెడకూ దవడకూ ఏం సంబంధమని ఆమె అడిగింది. తల ముందుకు వాల్చి గంటల తరబడి కూర్చుంటే దవడ వెనక్కి లాగినట్టవుతుంది, కండరాలు బిగుస్తాయి. పొగాకు ఆకు కర్రలకు కట్టే పని సరిగ్గా అలాంటిదే.

వెళ్లిన ప్రతిసారీ ఆ అమ్మాయి తొడుగు వేసుకున్న వేలిని చెంప లోపల పెట్టి, బయటి నుంచి బొటనవేలితో పట్టి, కండరంలోని గట్టి ముడులను మెల్లగా నొక్కేది. మొదటిసారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయిదోసారికి ఆ నొక్కుడు కోసమే ఎదురుచూసేలా అయింది. తర్వాత కింది వెనకపళ్ల మీద వేలు ఆనించి దవడను కిందికీ ముందుకూ సుతారంగా లాగేది. ‘ఇది మాత్రం ఇంట్లో ఎవరితోనూ చేయించుకోకండి’ అని గట్టిగా చెప్పింది.

కరెంటు పెట్టే టెన్స్ యంత్రం, అల్ట్రాసౌండ్, లేజర్... ఇవి ఉన్నచోటల్లా ఖరీదైన వైద్యం చేసినట్టు అనిపిస్తుంది. కొందరికి తాత్కాలికంగా ఉపశమనమూ ఉంటుంది. అయితే 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, మూడు నెలలకు మించి వేధించే దవడ నొప్పికి దేన్ని గట్టిగా సిఫారసు చేశాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నిపుణుల పర్యవేక్షణలో దవడ కసరత్తులు, మెడ-నడుము తీరు సరిచేసే వ్యాయామాలు, చేత్తో కీలును కదపడం, కండరం ముడులు నొక్కడం, ఆలోచనల తీరును మార్చే మానసిక చికిత్స, రోగికి ధైర్యం చెప్పి ఇంట్లో చేసుకునేవి నేర్పడం. టెన్స్, లేజర్, పళ్లకు తొడిగే అచ్చులు మామూలుగా వద్దనే వైపే అవి మొగ్గాయి. పళ్ల అమరికనే శాశ్వతంగా మార్చేసే అచ్చులు, బిళ్ల తీసేసే ఆపరేషన్ మాత్రం వద్దే వద్దన్నాయి.

తొందరపడితే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. 1980లలో అక్కడ దవడ కీలులోని బిళ్ల తీసేసి టెఫ్లాన్ పూతతో చేసిన కృత్రిమ బిళ్లలు వేలమందికి అమర్చారు. అవి లోపల నలిగి పొడై ఎముకనే తినేశాయి. 1990ల ఆరంభంలో ప్రభుత్వం వాటిని వెనక్కి రప్పించాల్సి వచ్చింది. నెమ్మదిగా, వెనక్కి తీసుకోగలిగిన వైద్యంతోనే మొదలుపెట్టాలన్న పాఠం అప్పుడు నేర్చుకున్నదే.

బొట్టుబిళ్లలు చెప్పిన నిజం

మూడు వారాలకు 24 కాస్తా 31 మిల్లీమీటర్లయింది. అక్కడే ఆగిపోయింది. తువాలు మానలేదు, కసరత్తులు మానలేదు. అయినా పొద్దున్నే దవడ బిగుసుకునే ఉండేది. అప్పుడా అమ్మాయి ఓ చిట్కా చెప్పింది. “అమ్మా, ఎర్ర బొట్టుబిళ్లలు ఓ అట్ట కొనండి. ఇంట్లో మీరెక్కడెక్కడ తిరుగుతారో అక్కడల్లా అంటించండి. అది కంటపడినప్పుడల్లా పళ్లు కలిసున్నాయేమో చూసుకోండి. ఉంటే విడదీసి, ఊపిరి వదలండి. అంతే.”

గ్యాస్ పొయ్యి మీద ఒకటి, బీరువా అద్దానికొకటి, పాల క్యాన్‌కొకటి, గేదెల పాక గుంజకొకటి, డ్వాక్రా పుస్తకం అట్టకొకటి, సెల్‌ఫోన్ వెనక ఒకటి. నాలుగు రోజులు చూసుకుంది. పొయ్యి దగ్గర పళ్లు విడిగానే ఉంటున్నాయి. పాక దగ్గరా పర్వాలేదు. పుస్తకం తీసినప్పుడు, ఫోన్ మోగినప్పుడు మాత్రం ప్రతిసారీ కరుచుకునే ఉన్నాయి.

సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఏడాది కిందట గ్రూపులో తన వాటాగా వచ్చిన లక్ష రూపాయల అప్పు తీసుకుని తమ్ముడి చేతిలో పెట్టింది. ఆటో కొనుక్కుని నెలనెలా కట్టేస్తానన్నాడు. రెండు వాయిదాలు కట్టి మానేశాడు. ఒక్కరు కట్టకపోతే గ్రూపు మొత్తానికీ మచ్చ. పాల డబ్బుల్లోంచి, చీరల డబ్బుల్లోంచి మిగిల్చి ఎవరికీ తెలియకుండా తనే కడుతోంది. ఇంటాయనకు చెబితే పుట్టింటి పరువు పోతుంది. చెప్పకపోతే... పంటి బిగువున నెట్టుకురావడమే. తెలుగులో ఆ మాట పుట్టించినవాళ్లకు దవడ కండరాల సంగతి బాగానే తెలిసి ఉండాలి.

శ్రావణమాసంలో వాన కురుస్తున్న ఓ రాత్రి, చెంప మీద తువాలు ఉండగా కళ్లు మూసుకునే చెప్పేసింది. పైకం ఎంతో, ఎన్ని వాయిదాలు మిగిలాయో... అన్నీ. ఆయన ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటి తర్వాత తువాలు తీసి, “నీళ్లు చల్లారిపోయాయి” అంటూ పొయ్యి దగ్గరకు వెళ్లాడు. ఇంక తిరిగి రాడనుకుంది. వచ్చాడు. వెచ్చటి తువాలు పరుస్తూ, “ఏడాదిగా ఇది ఒక్కదానివే మోశావా? నాకు చెప్తే కొడతాననుకున్నావా ఏటి?” అన్నాడు. అందులో కోపం ఉంది, బాధా ఉంది. తమ్ముడితో ఆయనే మాట్లాడాడు. ఆటో అమ్మించలేదు, నెలకింత అని రాయించుకున్నాడు. తమ్ముడు కొన్ని నెలలు కడతాడు, కొన్ని నెలలు కట్టడు. అప్పు ఒక్క రోజులో తీరలేదు. కానీ ఫోన్ మోగితే ఇప్పుడు ఇద్దరూ చూస్తారు.

దిగులు చెప్పుకుంటే దవడ నొప్పి పోతుందని కాదు. కీలులో తేడా నిజం, కండరం బిగుసుకోవడం నిజం. కాపడం, కసరత్తు లేకుండా అవి సడలేవి కావు. పగలంతా బిగించి రాత్రి పావుగంట తువాలు పెట్టుకుంటే మాత్రం, ఓ చేత్తో మంట ఎగదోస్తూ ఇంకో చేత్తో నీళ్లు చల్లినట్టే. ఆ మంట ఎక్కడుందో బొట్టుబిళ్లలు చూపించాయి.

మళ్లీ సంక్రాంతి

అక్టోబరు నాటికి 38 మిల్లీమీటర్లు వచ్చింది. తాడేపల్లిగూడెం వెళ్లడం వారానికి రెండుసార్ల నుంచి నెలకొకసారికి తగ్గింది. చలి పెరిగిన రోజుల్లో, బ్యారన్ పని రాత్రుల్లో నొప్పి మళ్లీ పలకరిస్తూనే ఉంటుంది. అప్పుడు తువాలు బయటికి వస్తుంది. చెరకు నమలడం పూర్తిగా మానేసింది, రసం తాగుతుంది. తేగను సన్నటి ముక్కలుగా కోసుకుని కుడి ఎడమలు మార్చి నములుతుంది. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనిస్తుంది. పోయిన పన్ను ఎటూ రాదు.

2024 సంక్రాంతికి మనవరాలు మళ్లీ వచ్చింది. పళ్లెంలో పూతరేకులు ఉన్నాయి. ఈసారి ఆమె కొంగు అడ్డం పెట్టుకోలేదు. “అమ్మమ్మా, మూడు వేళ్లు పెట్టు... అమ్మ చెప్పింది” అంది పిల్ల. ఆమె నోరు తెరిచి తన మూడు వేళ్లూ నిలువుగా పెట్టింది. “ఒకటి... రెండు... మూడు” అని పిల్ల గట్టిగా లెక్కపెట్టింది. మూడోది కాస్త బిగువుగానే పట్టింది.

తర్వాత ఆ పిల్ల ఒళ్లోకెక్కి, చెంపకు చెవి ఆనించి విన్నది.

“ఇంకా టక్‌మంటోంది అమ్మమ్మా!”

“అననీయవే” అంది ఆమె, పూతరేకు తుంచి పిల్ల నోట్లో పెడుతూ. “నొప్పి లేదుగా.”